భద్రక్ తరువాతి స్టేషను

ఆ డబ్బాతో పాటు మనిషి లిఫ్టు ఎక్కకూడదు. మలంచా పేటలోని ఆ ప్రయోగశాలలో చేరిన రోజే చెప్పే మాట అది. డబ్బాలో ఉన్నది ద్రవ నైట్రోజన్, సున్నాకి నూట తొంభై ఆరు డిగ్రీలు దిగువన. పై అంతస్తులో పరమాణు గడియారం ఉంది. వెచ్చని పరమాణువు పరుగెత్తిపోతుంది, లెక్కకు దొరకదు. లేజర్ కాంతితో దాన్ని చల్లబరిచి ఇంచుమించు నిలబెడితే, దాని స్పందనలను బట్టి సెకను తేలుతుంది. ఆ పరమాణువుల చుట్టూ ఉన్న లోహపు అరను చల్లగా ఉంచడానికి ఈ డబ్బా.

మీనాకుమారి డబ్బాను లిఫ్టులో పెట్టి, మీట నొక్కి, మెట్ల వైపు నడిచింది.

భోజనం క్యారేజీ ఇవ్వడానికి ఆ ఊళ్లోనే పూరీ గేట్ దగ్గరున్న ఇంటి నుంచి వచ్చిన తండ్రి గోవిందరావు అది చూశాడు. ముప్పై ఏళ్లు రైలు గార్డుగా చేసిన మనిషి.

"సామాను ఒగ్గీసి ఎల్లిపోతావేటే? నానుంటాన్లే!" అంటూ మూసుకుంటున్న తలుపుల్లోకి దూరిపోయాడు.

ఆమె వెనుదిరిగేసరికి లిఫ్టు కదిలింది. మరుక్షణం కరెంటు పోయి, మధ్యలో ఆగిపోయింది.

"నాన్నా!"

"కుదుపుకి ఒలికిపోనాదమ్మా. తెల్లగా పొగొచ్చేస్తంది. కాళ్లు లాగుతన్నాయి, కూకుంటాను."

"కూకోకు! నిలబడే ఉండు!" ఆ చల్లటి వాయువు నేలబారున చేరుతుంది, గాలిని తోసేస్తుంది. ఉక్కిరిబిక్కిరి కూడా అనిపించదు. ముందు బుర్ర మసకబారుతుంది. "ఇక్కణ్నుంచి శ్రీకాకుళం దాకా స్టేషన్లు చెప్పు నాన్నా, ఆపకు!"

దేముడు అనే కాపలాదారు, లిఫ్టును చేత్తో దించే చక్రం తిప్పడానికి పైకి పరుగెత్తాడు.

"ఏటే, పరీచ్చా? బేల్దా... దాంతన్... జలేశ్వర్..."

సెకనును కోట్ల ముక్కలుగా కొలిచే ఆమెకు, ఎంతసేపయిందో తెలియలేదు.

"బాలాసోర్... సోరో... భద్రక్..." గొంతు లిఫ్టు నేల దగ్గర్నుంచి వచ్చింది. కూర్చున్నాడు. "బాలాసోర్..."

"అది దాటేశాం నాన్నా! భద్రక్ తరువాత ఏటి?"

ఆమె తలుపును పిడికిళ్లతో బాదింది.

లిఫ్టు అంగుళం అంగుళంగా దిగింది. లిఫ్టు తాళంచెవితో ఆమె తలుపు తెరిచి, ఊపిరి బిగబట్టి, అతని చంకల కింద చేతులు వేసి వరండాలోకి ఈడ్చింది. ముఖం బూడిదరంగులో ఉంది.

ఒక పెద్ద ఊపిరి. తరువాత ఇంకొకటి.

"జాజ్‌పూర్," అన్నాడు కళ్లు తెరవకుండానే.

"తరువాత?"

"కటక్."

అతను చెప్పే స్టేషన్లు పలాస దాటేదాకా ఆమె అతని చెయ్యి వదల్లేదు.