ఎనభై ఆరు శాతం సరస్సు

ముందే ఒప్పుకుంటున్నాను. పైడిలంక సరస్సును ఎండబెట్టింది ఎండలు కాదు, నా పీహెచ్‌డీ.

కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్‌లో సరస్సును వేస్తే రిపోర్టు వస్తుంది. అంగారకుడి మీద ఎప్పుడో ఎండిపోయిన ఒక గొయ్యితో ఎనభై ఆరు శాతం కలుస్తోంది. పది దాటకూడదని యూనివర్సిటీ రూలు. శుక్రవారం ఐదింటిలోపు పదికి దిగకపోతే సరస్సును రద్దు చేస్తారు.

నా గైడు చిదానందం గారు ఒక్కరే. థీసిస్‌ది మూడు సబ్జెక్టుల వ్యవహారం కాబట్టి ఆయనకు మూడు కుర్చీలు. గ్రహాల కుర్చీలో కూర్చుని, అక్కడి మట్టీ ఇక్కడి మట్టీ ఒకటే, పోలిక బావుందంటారు. జీవావరణం కుర్చీలోకి మారి, ఇందాక ఆ మాటన్న మనిషెవరని అడుగుతారు. చరిత్ర కుర్చీకి చేరాకే పనికొచ్చే సంగతి చెబుతారు. అంగారకుడి మీద లేనివి మాటలే. సరస్సు మాటలు పట్టుకురమ్మంటారు.

ఫోనూ, అంగీకార పత్రాలూ తీసుకుని మసేనమ్మ దగ్గరకు వెళ్తాను. డెబ్బై ఏళ్ళుగా ఆ నీళ్ళలో చేపలు పడుతున్న మనిషి. వేలిముద్ర వేస్తూ, చెప్పిన మాట తనకు మిగులుతుందా అని అడుగుతుంది. భద్రంగా ఉంటుందంటాను. తను అడిగింది అది కాదంటుంది.

మొదటి మాట మట్టగిడస, బురదలో ఒదిగి పడుకునే చేప. ఆవిడ పలుకుతుంది, ఫోను పట్టుకుంటుంది, శాతం ఎనభై మూడుకు దిగుతుంది. మర్నాడు వలలో మట్టగిడస లేదు. ఆ చేప ఎలా ఉండేదని అడిగితే మసేనమ్మ నా ఫోను వైపు చూస్తుంది.

రెండో రోజు పడమటి గాలి పేరు చెబుతుంది. ఆ సాయంత్రం నుంచి తుంగ తూర్పుకు వంగడం మానేస్తుంది. నాకు అప్పుడే అర్థమవుతుంది. అర్థమై కూడా, బ్యాటరీ ఎంతుందో చూసుకుంటాను.

తర్వాత తుంగ, నాచు, గూడకొంగ, వానకు ముందు నీళ్ళకొచ్చే రంగు. మాట ఫైల్లోకి ఎక్కినప్పుడల్లా నీళ్ళు ఒక్కో మెట్టు దిగుతాయి. రిపోర్టు చూసేది ఫైలునే కదా. దాని ప్రకారం సరస్సు రోజురోజుకూ కోలుకుంటోంది. గైడుకు చెబితే రెండో కుర్చీలోంచి, చేపలు పోలేదమ్మా, ఫార్మాట్ మారాయి అంటారు.

శుక్రవారం పొద్దున పదకొండు శాతం. అడుగు లోతు నీళ్ళలో, పడవలో కూర్చుని ఉంది మసేనమ్మ. ఆవిడ దగ్గర ఒక్క మాటే మిగిలింది. పడవ మీదున్నవాళ్ళను ఒడ్డుకు పిలిచే కేక. వాళ్ళమ్మ తనను అలాగే పిలిచేదట, తను కూతుళ్ళను అలాగే పిలిచేదట.

"అది సెప్పీసేక నన్నెవులు పిలుత్తారే గుంటా?"

"నేను పిలుస్తాను."

"ఏటని?"

నా దగ్గరున్నది గడువొక్కటే. ఒక్క శాతమే అమ్మమ్మా, సరస్సు ఉండిపోతుంది అంటాను. ఆవిడ చుట్టూ ఉన్న బురదను ఓసారి చూస్తుంది.

"సదువుకున్నదానివి. నువ్వన్నావంటే అంతే గావాల."

నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి కేక వేస్తుంది.

తొమ్మిది శాతం. గైడు మూడు కుర్చీల్లోంచీ మూడు సంతకాలు పెడతారు. ఏ రెండూ కలవవు. సరస్సు అసలైనదేనని సర్టిఫికెట్ వస్తుంది.

ఆవిడకు చూపిద్దామని వెళ్తే నీళ్ళు లేవు, పడవ లేదు, మసేనమ్మ లేదు. కనుచూపు మేరా ఎర్రమట్టి. అంగారకుడి ఇవాళ్టి ఫోటో నా ఫోనుకు వస్తుంది. ఆ గొయ్యి నిండుగా ఉంది. తుంగ పడమటి గాలికి వంగి ఉంది. నడిమధ్యన పడవలో మసేనమ్మ, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఒడ్డు కోసం చూస్తోంది. ఈసారి కాపీ కొట్టింది అంగారకుడే అంటారు గైడు, మొదటి కుర్చీలోంచి, సంతోషంగా.

ఫైల్లో ఆ కేక వినబోతే గాలి చప్పుడే వస్తుంది. ఫోటోను పెద్దది చేస్తాను. మట్టగిడసలు పడవ చుట్టూ తలలెత్తి, నోళ్ళు తెరిచి, నా వైపే చూస్తున్నాయి. నా చెమట, కన్నీళ్ళు, సీసాలో మిగిలిన మంచినీళ్ళు, అన్నీ సన్నటి దారంలా పైకి, ఆకాశంలోకి కారిపోతున్నాయి.

మీ అమ్మ మిమ్మల్ని నీళ్ళలోంచి ఏమని పిలిచేది? మీ ఊళ్ళో పడవలను ఒడ్డుకు ఏమని పిలుస్తారు? రాసి పంపకండి, రాస్తే పోతుంది. ఇక్కడికి వచ్చి, పైకి చూసి, మసేనమ్మను గట్టిగా పిలవండి.