ఎనిమిది నిమిషాల వేణ్ణీళ్లు

కొత్త కోడలి పగంటే ఎవరికీ పెద్దగా భయం ఉండదు. పసుపుతాడు రంగైనా మాయని పిల్ల, ఏం చేస్తుంది? ఓ పూట అలుగుతుంది, మర్నాటికి మల్లెపూలు తెచ్చిస్తే నవ్వుతుంది. దేవేంద్ర కూడా అలాగే అనుకున్నాడు. అక్కడే తప్పులో కాలేశాడు.

హేమశ్రీది నగరి. మగ్గాల చప్పుడులో పెరిగి, తిరుపతిలో ఎమ్మెస్సీ చదివి, కార్తీకంలో గిరిని పెళ్లాడి పాకాలకు వచ్చింది. పుట్టింట్లో చలికాలమంటే ఫ్యాను ఒక గీత తగ్గించడమే. ఇక్కడ అలా కాదు. తెల్లవారేసరికి కొండల మీది మంచు రైలు పట్టాల దాకా దిగివచ్చేది. కూత వినిపించేది గానీ రైలు కనిపించేది కాదు. గిరి మంకీ టోపీ పెట్టుకుని, బంగారుపాళ్యం దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి బండి మీద బయలుదేరుతుంటే అచ్చం దొంగలా ఉండేవాడు. ఆ దొంగ తనవాడే కదా అనుకుని హేమశ్రీ తలుపు చాటున మురిసిపోయేది. పొగలు కక్కే కాఫీ, ఉలెన్ దుప్పటి, దుప్పటిలో మొగుడి చల్లటి పాదాలు, అన్నీ ఆమెకు పండగే. అన్నిటికంటే పెద్ద పండగ మాత్రం వేణ్ణీళ్ల స్నానం. అద్దం మీద ఆవిరి పట్టేదాకా పోసుకుని, ఆ ఆవిరి మీద వేలితో గిరి పేరు రాసి, ఎవరైనా చూస్తారేమోనని చెరిపి బయటికి వచ్చేది.

ఆ పండగ మీదే మరిది చెయ్యి వేశాడు.

దేవేంద్రది బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు వాళ్లు ఇంటి నుంచే పని చేయమంటే వచ్చి మిద్దె మీది గదిలో ఉంటున్నాడు. కొత్త కోడలు వచ్చాక కరెంటు బిల్లు పెరిగిందని మామ తులసీరాం ఒకసారి గొణిగాడు. అంతే, దేవేంద్ర ఆన్‌లైన్‌లో ఒక తెల్ల డబ్బా తెప్పించి, బాత్రూం బయట గోడకున్న గీజరు స్విచ్చి పీకేసి, దాని చోట ఆ డబ్బా బిగించాడు. డబ్బాకు మీట లేదు. దాని మీట దేవేంద్ర ఫోనులో ఉంది.

"ఇంగ చూడు నాయనా, మనిషికి ఎనిమిది నిమిషాలే. ఆపైన దానంతట అదే ఆగిపోతాది" అని అందరినీ నిలబెట్టి చెప్పాడు.

"నెట్టు పోతే?" అని అడిగాడు తులసీరాం.

"పోతే కూడా ఆగిపోతాది. సేఫ్టీ నాయనా, సేఫ్టీ!"

అమ్మకు ఎనిమిది, నాయనకు ఎనిమిది, అన్నకు ఎనిమిది, వదినకు ఎనిమిది. అతనికి మాత్రం లెక్క లేదు. ఫోను అతని చేతిలోనే ఉంది మరి.

శుక్రవారం ఆడవాళ్ల తలంటు. హేమశ్రీ జుట్టు నడుము దాటి ఉంటుంది. అత్త చౌడేశ్వరమ్మ మాడు మీద నూనె పెట్టి, సీకాయపొడి కలిపి ఇచ్చింది. జుట్టంతా నురగ పట్టించి, కళ్లు మూసుకుని, చెంబు కొళాయి కింద పట్టేసరికి గీజరు టక్కుమంది. అప్పటికప్పుడు కాచే చిన్న గీజరేమో, కొళాయి నుంచి వస్తున్న నీళ్లు ఒక్క క్షణంలో బావి నీళ్లయిపోయాయి. చూసుకోకుండా చెంబెడు నెత్తిన కుమ్మరించుకుంది.

"అత్తా! నీళ్లు! అయ్యో నా తల!"

ఆ అరుపు వీధి చివర టీకొట్టు దాకా వినిపించిందని తరువాత చెప్పుకున్నారు. వణుకుతూ, పళ్లు కొరుకుతూ, సగం సీకాయ జుట్టులోనే ఉండగా బయటికి వచ్చింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. హాల్లో దేవేంద్ర సోఫాలో పడి దొర్లుతున్నాడు.

"వదినా, టైము అయిపొయ్యింది వదినా!"

అంతటితో వదిలినా హేమశ్రీ క్షమించి ఉండేది. కానీ ఆ అరుపును అతను ఫోనులో రికార్డు చేశాడు. చేసి, 'మన ఇంటోళ్లు' అనే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పది ఊళ్ల చుట్టాలున్న గ్రూపు అది. నవ్వే బొమ్మలు వానలా కురిశాయి. రేణిగుంటలో ఉండే ఆడబిడ్డ కోమలి వెంటనే ఫోన్ చేసి, "ఏం హేమా, 'అయ్యో నా తల!' ఇంగోసారి అను, మా ఆయనకి ఇనిపించాల" అంది. మామ పేపరు చాటున నవ్వాడు. గిరి నవ్వలేదు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కానీ అతని భుజాలు ఊగడం హేమశ్రీ చూసింది. చూసి, మనసులో దాచుకుంది.

ఆ వారమంతా ఆమెకు ఆ అరుపే పేరైపోయింది. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా దేవేంద్ర ఫోను "అయ్యో నా తల!" అని మోగేది. ఇంటికి పాలు పోయడానికి వచ్చే సంతోషమ్మ కూడా, "ఏం మే, తల బాగుండాదా?" అని పలకరించింది.

హేమశ్రీకి టెక్నాలజీ అంటే కోపమేమీ లేదు. నగరిలో ఉన్న అమ్మ ముఖం రోజూ ఫోనులో చూస్తుంది, గిరి పగలు పంపే ముద్దు బొమ్మలు దాచుకుంటుంది. కానీ జుట్టు చిక్కు తీసుకుంటూ ఆలోచిస్తే ఒక సంగతి తోచింది. స్విచ్చి గోడ మీద ఉన్నన్నాళ్లూ వేణ్ణీళ్లు ఇంట్లో అందరివీ. అది ఒకరి ఫోనులోకి పోయిన రోజు నుంచి మిగతావాళ్లంతా అతని దయ మీద ముఖం కడుక్కుంటున్నారు. దేవేంద్ర కరెంటు ఆదా చేయలేదు, ఇంటి పెత్తనం జేబులో వేసుకున్నాడు.

వచ్చే ఆదివారం అతను బెంగుళూరు వెళ్లిపోతున్నాడు. ఆఫీసుకు రమ్మన్నారట. ఈలోగా అతని చేత కూడా అలాంటి అరుపే అరిపించాలి. లేకపోతే తనకు పిల్లలు పుట్టినా, ఆ పిల్లల పెళ్లిళ్లయినా, పందిట్లో ఎవరో ఒకరు 'అయ్యో నా తల' అంటూనే ఉంటారు. ఆదివారం లోపల. హేమశ్రీ తాళిబొట్టు పట్టుకుని ఒట్టు పెట్టుకుంది. తాళి కొత్తది కాబట్టి ఏ చిన్న పనికైనా దాన్ని పట్టుకోవడం ఆమెకు సరదా.

మొదట ఉపాయమేమీ తట్టలేదు. మంగళవారం సాయంత్రం అత్తాకోడళ్లు పెరట్లో కూర్చుని, నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నారు. చలికాలంలో పితికిపప్పు లేకుండా ఆ ఇంట్లో సంగటి దిగదు. దేవేంద్రకు అదంటే ప్రాణం. గింజను బొటనవేలితో నొక్కితే పప్పు చటుక్కున తోలులోంచి బయటికి దూకుతుంది. హేమశ్రీ ఒక్కో గింజకూ దేవేంద్ర పేరు పెట్టి నొక్కుతోంది.

"మెల్లిగా మే. పప్పు చితికిపోతాండాది" అంది చౌడేశ్వరమ్మ.

"చితకనీ అత్తా."

చౌడేశ్వరమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నాకు మాత్రం సుఖంగా ఉండాదా? మొగం నిండా సబ్బుండంగానే టక్కంటాది. కొడుకు అంత సంబరపడి పెట్టినాడే అని నోరు మూసుకునుండా. ఈ మోకాళ్ల నొప్పులకి సన్నీళ్లు పడతాయా నువ్వే చెప్పు."

హేమశ్రీ గింజ నొక్కడం ఆపింది. "మరి ముందు ఎట్లా కాంచుకునేవాళ్లు అత్తా?"

"రాగి అండా ఉండ్లా? కొట్టంలో బోర్లించి పెట్టుండా. నాలుగు మామిడి పుల్లలు ఎగేస్తే ఇంటిల్లిపాదికీ కాగుతాయి."

మర్నాడు పొద్దున అత్తాకోడళ్లు అండాను చింతపండుతో తోమి పొయ్యి మీదికెక్కించారు. రాగి తళతళా మెరిసింది. దాని చుట్టూ చేతులు చాపుకుని కూర్చుంటే హేమశ్రీకి ప్రాణం లేచివచ్చింది. దేవేంద్ర మిద్దె మీద నుంచి చూసి నవ్వాడు. "ఏం వదినా, రాతియుగంలోకి పోతాండారా?"

"పోతాండాం. నువ్వు రావద్దులే" అంది హేమశ్రీ.

ఆ పొద్దునే అసలు ఆయుధం దొరికింది. ఇడ్లీలోకి చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, నూరడానికి హేమశ్రీ మిక్సీ తీసింది. వంటింట్లో ప్లగ్గు ఒక్కటే. దానికి వైఫై డబ్బా తగిలించి ఉంది. మిద్దె మీదికి సిగ్నలు బాగా అందుతుందని దేవేంద్రే దాన్ని అక్కడ పెట్టుకున్నాడు. ఒక్క నిమిషమే కదా అని ఆమె దాన్ని పీకి మిక్సీ పెట్టింది. మిక్సీ గుర్రుమంది. ఆ వెంటనే బాత్రూంలో నుంచి మామ కేక పెట్టాడు.

"ఒరే దేవేంద్రా! ఇంగా మూడు నిమిషాలు గూడా కాలే గదరా!"

"నెట్టు పొయ్యింది నాయనా!" మిద్దె మీద నుంచి జవాబు.

హేమశ్రీ చేతిలోని ప్లగ్గు వైపు చూసింది. మిక్సీ వైపు చూసింది. పెళ్లిలో తలంబ్రాలు పోసినప్పుడు కూడా ఆమె ముఖం అంతగా వెలగలేదు. వైఫై ప్లగ్గు మళ్లీ తగిలించి, ఏమీ ఎరగనట్టు ఇడ్లీలు వడ్డించింది. దేవేంద్ర ఇడ్లీలు తింటూ, "ఊరిబిండి బెమ్మాండంగా ఉండాది వదినా" అన్నాడు.

"శనివారం మళ్లీ చేస్తాలే" అంది హేమశ్రీ తియ్యగా.

శనివారం మగవాళ్ల తలంటు. మర్నాడే ప్రయాణం కాబట్టి చౌడేశ్వరమ్మ చిన్నకొడుకును పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, గోరువెచ్చని నువ్వుల నూనె తల మీద, వీపు మీద, చెవుల్లో కూడా పట్టించింది. మంచు ఇంకా విడలేదు. అండా పక్కన పొయ్యి ఎర్రగా మండుతోంది.

"అండాలో నీళ్లుండాయి, పోసుకో నాయనా" అంది.

"నాకెందుకుమా ఆ పొగ నీళ్లు?" అంటూ నూనె కారుతున్న చేత్తోనే ఫోను పట్టుకుని, లెక్కలేని వేణ్ణీళ్ల కోసం బాత్రూంలో దూరాడు. లోపల నుంచి ఈల వినిపించింది.

హేమశ్రీ వంటింటి గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. సీకాయ గిన్నె చప్పుడైంది. తల రుద్దుతున్న చప్పుడైంది. ఈల ఆగింది. నురగ నోట్లోకి పోతుందని ఆపి ఉంటాడు. అంటే కళ్లు కూడా మూసుకునే ఉంటాడు. అప్పుడు ప్లగ్గు పీకింది. మిక్సీ పెట్టి గుర్రుమనిపించింది. ఫోనులో రికార్డు నొక్కి బాత్రూం తలుపు దగ్గరికి నడిచింది.

"అమ్మోవ్! సచ్చినా! నీళ్లు! నీళ్లుమా! కండ్లు మండతాండాయి!"

ఎంత హాయైన అరుపు! హేమశ్రీ కళ్లు మూసుకుని, చివరి అక్షరం దాకా విని, రికార్డు ఆపింది.

"ఏం దేవేంద్రా, టైము అయిపొయ్యిందా?"

"వదినా! నెట్టు పొయినట్టుండాది, వైఫై డబ్బా చూడు వదినా!"

"డబ్బాకేం కాలేదప్పా. ఊరిబిండి నూరతాండా. ఇంగా మెదగల్యా."

లోపల నుంచి పళ్లు టకటకమన్న చప్పుడు. అర్థమైనట్టుంది.

"వదినా, తప్పయిపొయ్యింది. మిక్సీ ఆపు. ఈడ గెడ్డ కట్టిపోతాండా!"

"తప్పు నాకొద్దు. గీజరు మీట నా ఫోనులోకి పంపించు. నీ ఫోనులోంచి తీసెయ్యి."

"తానం చేసొచ్చి పంపిస్తా!"

"ఫోను చేతిలోనే ఉండాది గదా, దాంట్లో సిమ్ము నెట్టు ఉండనే ఉండాది. ఒక కన్ను తెరిస్తే చాలు."

"అమ్మా! చూడుమా, కోడలు ఎట్లా చంపతాండాదో!"

అండా దగ్గర చేతులు కాచుకుంటున్న చౌడేశ్వరమ్మ తల కూడా తిప్పలేదు. "మెత్తగా మెదగాల నాయనా. బరకగా ఉంటే నీకే గొంతు దిగదు" అంది.

ఒంటి కన్నుతో, వణికే వేళ్లతో, మూడుసార్లు తప్పు నొక్కి, నాలుగోసారికి దేవేంద్ర పంపాడు. హేమశ్రీ ఫోను టింగుమంది. గీజరు ఇక ఆమెది. మరిది పేరు అందులో లేదని రెండుసార్లు చూసుకుని, మిక్సీ తీసి వైఫై ప్లగ్గు మళ్లీ తగిలించి, అండా నీళ్లు ఒక బకెట్టు తలుపు దగ్గర పెట్టించి, ఆ అరుపును 'మన ఇంటోళ్లు'లో పెట్టింది. కింద ఒక్క ముక్క రాసింది: "సేఫ్టీ."

నవ్వే బొమ్మలు ఈసారి వాన కాదు, తుఫాను. కోమలి ఫోన్ చేసి నవ్వలేక దగ్గింది. గేటు దగ్గర సంతోషమ్మ పాలు కొలుస్తూ, "చిన్నబ్బోడి కండ్లు బాగుండాయా?" అని అడిగింది. తువ్వాలు చుట్టుకుని ఎర్రటి కళ్లతో వచ్చిన దేవేంద్ర పొయ్యి పక్కన కూర్చుని, వదిన ఇచ్చిన ఇడ్లీలు తల దించుకుని తిన్నాడు. రెండోసారి ఊరిబిండి అడిగేటప్పుడు మాత్రం, "మెత్తగానే ఉండాదిలే" అన్నాడు. హేమశ్రీకి కూడా నవ్వొచ్చి, ఇంకో గరిటె వేసింది.

అందరికంటే గట్టిగా నవ్వింది గిరి. ఈసారి గోడ వైపు తిరగలేదు. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు కారేలా నవ్వి, "నా పెండ్లామంటే ఏమనుకున్నావురా!" అని తమ్ముడి వీపు చరిచి, భుజాన తువ్వాలు వేసుకుని తలంటుకు వెళ్లాడు. వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి హేమశ్రీకి కన్ను కొట్టాడు. ఆమె సిగ్గుపడింది. ఎంత ముద్దొచ్చాడో! కానీ ఆ భుజాలు ఆ రోజు ఎలా ఊగాయో ఆమె మరిచిపోలేదు.

బాత్రూం తలుపు పడింది. నీళ్ల చప్పుడు మొదలైంది. హేమశ్రీ అత్త పక్కన పొయ్యి దగ్గర చేరి, ఫోను బయటికి తీసింది.

చౌడేశ్వరమ్మ పుల్లలు ఎగదోస్తూ అడిగింది. "ఎన్ని నిమిషాలు పెట్టినావు మే?"

"అయిదు అత్తా."

చౌడేశ్వరమ్మ చేతులు మంట మీదికి చాపింది.

"నాలుగు పెట్టు" అంది.