కొవ్వూరు భోక్తగారి కొవ్వు

కొవ్వు కొవ్వూరులో కాకపోతే ఇంకెక్కడుంటుందని వేళాకోళం చేసేవాళ్లకి పురోహితుడు వీరభద్రం గారు బొజ్జ నిమురుకుంటూ నవ్వి ఊరుకునేవారు. 2002 కార్తీకం వెళ్లాక ఆ నవ్వు ఆగిపోయింది. వచ్చే ఏడు గోదావరి పుష్కరాలు. జనం పుష్కలం. గోష్పాద రేవులో పిండప్రదానాలు చేయించే పురోహితులు పొద్దస్తమానం మెట్లు దిగాలి, ఎక్కాలి. "మెట్ల మీద కూలబడే వాళ్లకి ఈసారి చోటు లేదు" అని పురోహితుల సంఘం తీర్మానించేసింది. వీరభద్రం గారిది తాతల నాటి చోటు! ఈయనేమో నాలుగు మెట్లకే కుక్కరులా ఈల వేస్తారు.

రాజమండ్రిలో ఓ జిమ్ము నడిపేవాడు రక్తపరీక్ష చేయించి, "గ్రోత్ ఫాక్టరు తక్కువుందండీ. హార్మోను ఇంజెక్షన్లు పొడిపించుకుంటే బొజ్జ కరిగిపోద్దండీ" అన్నాడు. ఆ రిపోర్టు పట్టుకుని వీరభద్రం గారు డాక్టర్ సారిక గారి దగ్గరికి వెళ్లారు.

"పెరుగుదల హార్మోను తరిగిందిట తల్లీ. రెండు పూటలా పెరుగు తింటూనే ఉన్నానే!"

ఆవిడ పకపకా నవ్వింది. "పెరుగుకీ దానికీ చుట్టరికం లేదండీ. తలలో ఓ గ్రంథి ఆ హార్మోను వదుల్తుంది. అది చెబితే కాలేయం ఈ రిపోర్టులోని ఫాక్టరు తయారుచేస్తుంది. ఎదగడం అయిపోయిన పెద్దవాళ్లలో కూడా కొవ్వు కరిగించడానికి ఆ హార్మోను కావాలి."

"అయితే పొడిచెయ్యండి!"

"ఆగండి పంతులుగారూ! పొట్టలో కొవ్వు పేరుకుంటే హార్మోను ఊరడమే తగ్గిపోతుంది. గ్రంథి చెడితే ఇంజెక్షనే మందు. మీకా లక్షణాలేం లేవు. ఊరికే పొడిస్తే షుగరొస్తుంది, కీళ్లు నొప్పెడతాయి. ముందు కొవ్వు తగ్గించండి, హార్మోను దానంతటదే పెరుగుతుంది. ఇంతకీ ఇంట్లో ఏం తింటారు?"

"ఇంట్లోనా? పెరుగు తప్ప ఏమీ తినను. భోక్తనమ్మా నేను. ఎవరింట ఆబ్దికమైనా పితృదేవతల బదులు ఆకు ముందు కూర్చునేది నేనే. తృప్తి అయిందని నా నోటితో అనేదాకా వడ్డిస్తూనే ఉంటారు."

"మరయితే ఆ మాట కాస్త ముందే అనండి."

పొట్టకూటి కోసం పొట్ట పెంచుకున్న మనిషికి అదెంత కష్టమో ఆవిడకేం తెలుసు? అయినా ఆ రోజే నిశ్చయించుకున్నారు.

తరవాతి ఆబ్దికం బ్యాంకు ఆఫీసరు విశ్వనాథ్ గారింట, వాళ్లమ్మగారిది. రెండు గారెలు, కాస్త అన్నం అయ్యాక వీరభద్రం గారు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "తృప్తి అయింది" అన్నారు.

పరవాన్నం గిన్నెతో వంగిన విశ్వనాథ్ గారు వంగినట్టే ఉండిపోయారు. "అదేంటండీ! కిందటేడు పన్నెండు గారెలు తిన్నారు. మా అమ్మ ఆకలితో వెళ్లిపోతుందండీ!"

"మీ అమ్మగారి ఆకలికీ నేను ఆబగా తినడానికీ సంబంధం లేదు బాబూ. భోక్త ఆ మాటలో అబద్ధం ఆడకూడదు, ఆడలేదు. నిజంగానే తృప్తి."

"వచ్చే ఏడు ఇంకొకర్ని చూసుకుంటానండి మరి."

ఇలా ఇల్లిల్లూ జారిపోతే ఎలా అనుకున్నారు వీరభద్రం గారు. అయినా చెయ్యి తియ్యలేదు.

మెట్లు దిగడం కోసం పట్టిన పట్టు ఒక్క మెట్టూ దిగలేదు. పొద్దున్నే రేవుకి నడక, ఎవరింటనైనా గారెలు రెండే. కొందరు పిలవడం మానేశారు. కొందరు "భోక్తగారు అలిగారు" అన్నారు. వైశాఖం వచ్చేసరికి పంచె కుచ్చిళ్లకు కాస్త చోటు దొరికింది.

తన చోటు తనకిమ్మని అడగబోతే, సంఘం ప్రెసిడెంటు అనంతకృష్ణ గారు గోష్పాద రేవులో పై మెట్టు మీద నిలబడి, "ఏదీ, దిగి రండి చూద్దాం" అన్నారు.

వీరభద్రం గారు నీళ్లదాకా దిగారు. చెంబు ముంచి, ఎక్కడం మొదలెట్టారు. సగంలో ఆగి, మోకాలి మీద చెయ్యి ఆనించి, బుస్సుమని ఊపిరి వదిలి, మళ్లీ ఎక్కి పైకొచ్చేశారు.

"మధ్యలో ఆగారుగా!" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఆగాను. కూలబడలేదు" అని చెంబు ఆయన చేతికిచ్చి, వీరభద్రం గారు మళ్లీ కిందికి దిగడం మొదలెట్టారు.