గడప రాయి దగ్గర చెంచా

అమెరికాలోని వెర్మాంట్‌లో ఒక కొండ మీద థేయర్ల ఇల్లు కూలి నూరేళ్లు దాటింది. మిగిలింది రాళ్ల పునాది గుంత, దాని ముందర గడప రాయి, అంతే. ఆ థేయర్లలో ఆఖరివాడు ఓరిన్. తన వాళ్ల చేయి తాకిన వస్తువు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలని మూడేళ్లుగా మెటల్ డిటెక్టర్ పట్టుకుని అక్కడే తిరుగుతున్నాడు. దొరికినవన్నీ తుప్పు మేకులే.

వెండెల్‌కి మాత్రం! స్నేహితుడు కదా అని తోడు తెచ్చుకున్న పాపానికి, వాడి డొక్కు యంత్రం కూసిన చోటల్లా ఏదో ఒకటి. ఇత్తడి గుండీలు, బూటు బకిల్, నిరుడైతే ఏకంగా వెండి నాణెం. ఎవరు తవ్వింది వాళ్లదేనన్న ఒప్పందం కూడా ఓరిన్ పెట్టిందే. కడుపు మండిపోదూ?

ఈ పొద్దున వెండెల్ అడిగాడు. "నన్నెక్కడ చూడమంటావురా?"

"గడప రాయి దగ్గర చూసుకో. మంచి చోటు," అన్నాడు ఓరిన్.

అది తను నిరుడే జల్లెడ పట్టేసిన చోటు. అక్కడే ఏడవనీ అనుకుంటూ గుంత అవతలికి వెళ్లాడు.

కాసేపటికి ఉండబట్టలేక రాళ్ల మీంచి తొంగి చూశాడు. వెండెల్ మోకాళ్ల మీద ఉన్నాడు. చేతిలో వెండి చెంచా! ప్యాంటుకి తుడిచి, కాడ మీది అక్షరాలు కూడబలుక్కున్నాడు. అటూ ఇటూ చూసి, చటుక్కున దాన్ని మళ్లీ మట్టిలో పెట్టి కప్పేశాడు.

ఓరిన్‌కి అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు అక్కడ తవ్వుతున్నది తనే. ఇంతలో నాణెం దొరికిందని వెండెల్ కేకేస్తే పరుగెత్తాడు. తిరిగొచ్చి, ఆ ఉక్రోషంలో, తీసిన మట్టి మీద యంత్రం ఇంకోసారి తిప్పకుండానే కాలితో తోసి పూడ్చేశాడు. కొత్తగా నేర్చుకునేవాడు కూడా చేయని పని.

"ఒరేయ్ ఓరిన్! ఇక్కడేదో కూస్తోంది. నా నడుం పట్టేసింది, నువ్వొచ్చి తవ్వరా!"

ఓరిన్ వెళ్లి తవ్వాడు. తుడవకముందే అక్షరాలు మెరిశాయి. హెప్సీ థేయర్. తాతగారి తల్లి.

"చూశావా, మీ ముత్తవ్వదే! ఎన్నాళ్లకి నీ అదృష్టం పండిందిరా!" అంటూ వెండెల్ ఓరిన్ వీపు మీద చరిచాడు. వాడి ప్యాంటు మీద తడి మట్టి చార ఇంకా ఆరలేదు.

"అవునురా, నా అదృష్టమే," అన్నాడు ఓరిన్.

మూడేళ్లుగా కోరుకున్నది చేతిలో ఉంది. మంచితనం కూడా వాడికే దొరకాలా అని కడుపు భగ్గుమంది.