ఉప్పు గదికి రాసిన మాట

గోడల మీద అక్షరాలు రాసేవాడికి కుంచె కన్నా ముందు ఊపిరి కావాలి. పొడుగు గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. మధ్యలో వదిలామా, గీత వణికిపోతుంది. ఫ్లెక్సులు అచ్చేసే మిషన్లకి ఆ బాధ లేదు, వాటికి దగ్గు రాదు. నాకు వస్తుంది. టర్పెంటైన్ వాసనా, గోడలు గోకిన దుమ్మూ కలిసి నా రొమ్ములో కాపురం పెట్టేశాయి. చేతుల మీద చర్మం కూడా పాతగోడ సున్నంలా పెచ్చులూడుతోంది.

ఫ్లెక్సుల షాపు పెట్టిన మా బావమరిది, "ఇంకెన్నాళ్లు బావా? నా దగ్గర కూర్చుని ఫ్రేములకి మేకులు కొట్టు" అంటున్నాడు. మొహం నిండా జాలి పులుముకుని మరీ అంటాడు. ఒళ్లు మండేది అక్కడే. దగ్గకుండా ఒక్క పొడుగు గీత లాగలేనినాడు ఆ మేకులే నాకు గతి.

అలాంటి సమయంలో ఉప్పు గది పని వచ్చింది. ఎవరో చదువుకున్నావిడ, పాత బట్టల కొట్టుని అద్దెకు తీసుకుని తెరిచింది. గులాబీ రంగు ఉప్పు ఇటుకలతో లోపలి గోడలు కట్టించి, వాటి వెనక దీపాలు పెట్టించింది. నేలంతా గళ్ల ఉప్పు. పక్క గదిలో ఒక మిషను ఉప్పుని పిండికన్నా మెత్తగా కొట్టి, గోడ కన్నంలోంచి లోపలికి ఊదుతుంది. జనం తెల్ల మేజోళ్లు తొడుక్కుని, పడక కుర్చీల్లో వాలి, ఆ గాలి పీల్చాలి. ఊపిరికీ ఒంటికీ మంచిదట. బయట గోడ మీద పెద్ద అక్షరాలతో రాయడం నా పని.

"దగ్గుతున్నారు కదా పెయింటర్ గారూ, రాసే ముందు రోజూ కాసేపు లోపల కూర్చోండి" అంది ఆవిడ.

ఇంట్లో చెబితే మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే అంది. "ఏంటీ, ఉప్పు పెట్టి ఊపిరి తీస్తారా?"

"తీయడం కాదే, తీసుకోమంటారు."

"నీలాంటోడికి రెండూ ఒకటే. డాక్టరిచ్చిన ఇన్‌హేలర్ మానేశావో, ఆ ఊపిరేదో నేనే తీస్తా!"

వెటకారంగానే వెళ్లాను. మనిషిని ఎండు చేపలా ఉప్పులో పడేసి ఏం సాధిస్తారో చూద్దామని. కానీ కూర్చున్నాక మాత్రం వింతగా అనిపించింది. నాలుకతో పెదాలు తడుపుకుంటే ఉప్పగా తగిలింది. గాలికి రుచి ఉండడం నేనెప్పుడూ ఎరగను. బయటికొచ్చి గోడ మీద సుద్దతో గీతలు కొట్టుకుంటుంటే దగ్గు రాలేదు. మర్నాడూ అంతే. నన్ను నేనే నమ్మలేక ఆరోజు ఇంకాస్త ఎక్కువసేపు కూర్చున్నాను.

ఆ తర్వాత ఒకరోజు లోపల కూర్చుని పెదాలు నాకాను. చప్పగా ఉన్నాయి. మళ్లీ నాకాను. చప్పగానే ఉన్నాయి. కన్నం దగ్గర అరచెయ్యి పెట్టి చూస్తే గాలే లేదు.

"మేడమ్, మీ మిషను నిద్రపోతోంది!"

ఆవిడ పరిగెత్తుకొచ్చి మూత తీసింది. ఉప్పు చెమ్మపట్టి ముద్దకట్టి, లోపలి రెక్కకి అడ్డంపడింది. "అయ్యో, ఎప్పుడాగిందో ఏంటో! పొద్దున్నుంచీ ఇంతమంది వచ్చి కూర్చున్నారే. హాయిగా ఉందన్నారే!"

నాకూ హాయిగానే ఉంది. రొమ్ములో పిల్లికూతలు లేవు. మరి ఉప్పు లేకుండా తగ్గించిందెవరు? కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోవడమా? టర్పెంటైన్‌కి దూరంగా ఉండడమా? ఇన్‌హేలరేనా?

"నా మోచేతులు చూడండి. ఎంత దురదలుండేవో! ఇక్కడ కూర్చున్నాకే తగ్గాయి" అంది ఆవిడ.

"ఉప్పుకేనా?"

కాసేపు మోచెయ్యి తడుముకుంది. "అప్పుడే సబ్బు కూడా మార్చాననుకోండి" అని తనే నవ్వేసింది.

ఆవిడ రాయమన్న మాట 'ఊపిరి, చర్మ బాధలు నయమగును'. రంగు కలిపి పెట్టుకున్నాను కానీ చెయ్యి లేవలేదు. చదువు మధ్యలో మానేసినవాణ్ణే. అయినా నేను రాసిన మాట ఆ గోడ మీద నాకన్నా ఎక్కువకాలం ఉంటుంది. ఎవడైనా దాన్ని నమ్మి మందులు పారేస్తే?

"నయం వరకూ ఉంచుతా మేడమ్. అగును తీసేస్తా."

"అదేంటి, నయమవుతుందనే కదా చెప్పాలి!"

"ఎలా ఉందిరా అంటే, నిన్నటికన్నా నయం అనమా? అలాగే. బయటికన్నా ఇక్కడ నయం."

ఆవిడ వీధివైపు చూసింది. ఒక లారీ నల్లగా పొగ వదిలి పోయింది. ఎదురుగా ఎవరో కిటికీ మూసుకున్నారు. "జనం నవ్వుతారేమోనండీ."

"నవ్వినోడు లోపలికి తొంగైనా చూస్తాడుగా."

"సరే, కానివ్వండి" అంది, సగం మనసుతో.

'బయటికన్నా ఇక్కడ నయం' అని అక్షరాలు అయ్యాయి. ఇక వాటి కింద గోడ పొడుగునా నీలం గీత. నిచ్చెన మీద నిలబడి లాగేది కాదు, నేల మీద నడుస్తూ లాగాలి. ఊపిరి నిండా పీల్చి బిగబట్టి మొదలెట్టాను. సగం దాటాక గొంతులో గరగర. పళ్లు బిగించాను. కుంచె గోడ అంచు తాకింది. దాన్ని పక్కకి తీసి అప్పుడు దగ్గాను, కళ్లలో నీళ్లొచ్చేలా. వెనక్కి వచ్చి చూశాను. చివర్లో కాస్త సన్నబడింది గానీ ఎక్కడా వణకలేదు.

బాగుచేసిన మిషను లోపల మళ్లీ తిరుగుతోంది. ఆవిడ మంచినీళ్లిస్తూ, "మరి ఇది ఉప్పు మహిమేనంటారా?" అనడిగింది.

"తెలీదు మేడమ్. పక్క గోడ కూడా నాకే ఇవ్వండి. నేను వచ్చిన రోజుల్లో మిషను ఒకరోజు వెయ్యండి, ఒకరోజు ఆపండి. ఎప్పుడు వేశారో నాకు మాత్రం చెప్పకండి. ఏ రోజు దగ్గు తగ్గిందో నేను చెప్తా, రెండూ కలిపి చూద్దాం."

"మీరు పెదాలు నాకి కనిపెట్టేస్తారుగా!"

"మూతికి గుడ్డ కట్టుకుంటా."

"అప్పుడు ఉప్పెలా పీలుస్తారండీ?"

అది నిజమే. కుంచె కడుక్కుంటూ దానిగురించే ఆలోచించాను.