సంగటిలో కలిపిన నెయ్యి

తెల్లగుడ్డ మీద దారమంత ఎర్ర గీత.

నెత్తురు. మూడు నెల్ల పిల్లోని మలంలో నెత్తురు.

వాడు నా బిడ్డ శిల్ప కొడుకు. కాన్పుకని బేతంచెర్లకు, మా ఇంటికి వచ్చింది శిల్ప. కాన్పు బాగానే అయింది. పిల్లోడే పడుకోడు. పాలు తాగతాడు, కక్కుతాడు, కాళ్లు ముడుచుకొని ఏడుస్తాడు... మళ్లా తాగతాడు. చీర ఊయల ఊపి ఊపి నా చేతులు పడిపోయినాయి. బయట బండలు కోసే మిషన్ల మోత. లోపల వీని ఏడుపు. రెంటికీ తెరిపి లేదు.

కర్నూలులో పిల్లల డాక్టరమ్మకు చూపిచ్చినాం.

ఎనుము పాలు, ఆవు పాలు వీనికి పడవనింది.

వానికి మేం పోస్తే గదా!

"తల్లి తింటే తల్లి పాలల్లోకి వస్తుంది సుబ్బరత్నమ్మా. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి... శిల్ప ఏదీ ముట్టకూడదు. పిల్లోనికి మాత్రం తన పాలే ఇయ్యాల."

శిల్ప తలూపింది. నేనూ తలూపినా.

ఊరికే ఊపినా.

నలుగురిని కని పెంచినదాన్ని నేను. పచ్చి బాలింతకు నెయ్యి లేకపోతే సత్తువ యాడ్నుంచి వస్తాది? రెండు ఎనుములు కట్టేసిన ఇంట్లో నా బిడ్డ ఒట్టి సంగటి తినాలనా? చోద్యం కాకపోతే! పాలు మాన్పిచ్చినా. పెరుగు మాన్పిచ్చినా. నెయ్యి పాలెట్లవుతాది? అగ్గి మీద కాగి కాగి పాల గుణమంతా పోయి ఉంటాది గదా... అనుకుంటి.

సంగటి గెలికేటప్పుడు ఒక గంటె నెయ్యి వేసి కలిపితి. రోజూ.

"ఏంది మా, ఇంత నున్నగా ఉండాది?"

"చెనిక్కాయ నూనెలే, తిను."

నంజుకునే ఊరుబిండి పచ్చడి ఘాటులో నెయ్యి వాసన తెలీలే దానికి.

రెండు వారాలు. మూడు వారాలు.

శిల్ప టీ మానేసింది. బిస్కెట్టు ప్యాకెట్టు మీద అక్షరాలన్నీ చదివి పక్కన పెట్టేది. పెరుగన్నమంటే ప్రాణం దానికి. ఎవరన్నా తింటాంటే లేసి బయటికి పోయేది.

పిల్లోనికి తగ్గలే. బరువు పెరగలే. గుడ్డ మీద నెత్తురు ఆగలే.

ఒక మధ్యాన్నం చూస్తే, శిల్ప పెరట్లో కూచొని తన పాలు పిండి నేల మీద పోస్తాంది. ఎండిన నేల పడీ పడకముందే పీల్చుకుంటాంది.

"ఏందే అది?"

"నా పాలే పడటం లేదు మా వానికి. నా ఒంట్లోనే ఏదో ఉండాది. డాక్టరమ్మను అడిగి, వానికి పడే డబ్బా పాలే రేపట్నుంచి. నేను ఇయ్యను."

ఏడవలే. మామూలుగా చెప్పింది. నాకు దానికే భయమేసింది.

చెప్పకపోతే పిల్లోనికి తల్లిపాలు పోతాయి. చెప్తే... నా బిడ్డ నన్ను ఇంగ నమ్మదు.

చెప్పినా.

"నీ పాలు బంగారం తల్లీ. నేనే... సంగటిలో నెయ్యి కలిపినా."

శిల్ప నన్నే చూసింది.

"నూనె అంటివి గదా మా."

అంతే. తిట్టింటే బాగుండు.

ఆ పొద్దు నుంచి దాని సంగటి అదే గెలుక్కుంది, పిల్లోనికి తన పాలే ఇచ్చింది. రెండు వారాలకు గుడ్డ తెల్లగా వచ్చింది. నాలుగో వారం పిల్లోడు మూడు గంటలు ఏకబిగిన పడుకున్నాడు. ఇంట్లో అందరం మునివేళ్ల మీద నడిచినాం. నాకు శానా సంతోషం. సిగ్గు కూడా.

నిన్న శిల్పకు జ్వరం. లేవలేకపోయింది. నేనే గెలికి పెట్టినా. నూకలు, రాగిపిండి, ఉప్పు. ఇంగేమీ లేదు.

పుట్టినప్పట్నుంచి నా చేతి ముద్ద తిన్న బిడ్డ.

పళ్లెం ముందర పెట్టుకొని చూసింది. శానా సేపు చూసింది. ఊయల్లో పిల్లోడు నిద్రపోతాండాడు.

పళ్లెం మెల్లగా నా దిక్కు జరిపింది.

"ముందు నువ్వు తిను మా."

తుంచుకొని నోట్లో పెట్టుకున్నా... నమలతాండా. శిల్ప నా నోటి దిక్కే చూస్తాండాది.