పెద్దమ్మ రాసిన కామెంట్

దర్జీ దుకాణంలో అందరూ ఆమెను కాజాలక్క అనేవారు. చొక్కాలకు కాజాలు తీయడం, గుండీలు కుట్టడం ఆమె పని. నలభై దాటాయి. తండ్రి మంచాన పడ్డప్పుడు తొమ్మిదో తరగతిలో బడి మానేసి సూది పట్టింది. చెల్లెలి చదువు మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఆమె టీచరు.

చెల్లెలి కూతురు కొత్త ఫోను కొనుక్కుని, పాతది పెద్దమ్మకిచ్చింది. అందులో ఒక రచయిత్రి వీడియోలున్నాయి. టీనేజి పిల్లల కోసం రాసిన నవలను ఆవిడే వారానికో అధ్యాయం చదివి, అదెలా పుట్టిందో చెప్పేది. కాజాలక్క ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, రెండో చెవి దుకాణం మాస్టరు మాటలకు వదిలిపెట్టి వినేది.

కథలో పదిహేనేళ్ళ పిల్ల పడవ పందేలకు పేరిచ్చి, తల్లికి చెప్పకుండా దాస్తుంది. ఆ పిల్ల మొదటిసారి తెడ్డు పట్టిన రోజున కాజాలక్క చొక్కాకు తప్పు వైపు కాజాలు తీసింది.

"ఏంటక్కా, దీన్ని తిరగేసి తొడుక్కోవాలా?" అన్నాడు మాస్టరు.

ఆమెకు కోపం రాకపోగా నవ్వొచ్చింది. ఆ పట్టీ విప్పి, కొత్తది వేసి మళ్ళీ కుట్టింది.

"ఈ పిల్ల అమ్మకెందుకు చెప్పలేదో మీరు చెప్పండి," అని ఒక వారం రచయిత్రి అడిగింది. కాజాలక్క అన్నం తినే సమయంలో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కామెంట్ రాసింది: "భయంతో కాదు. చెబితే అమ్మ వద్దనదు. ఈ పిల్ల పని కూడా తన నెత్తినేసుకుని వెళ్ళమంటుంది. అది చూడలేక చెప్పలేదు."

తరువాతి వీడియోలో రచయిత్రి ఆ మాటలు రెండుసార్లు చదివింది. "రాసిన నాకే ఇది తట్టలేదు," అంది. పుస్తకం విడుదలకు రమ్మని పిలిచింది. ఫోనులో ఖాతా ఇంకా చెల్లెలి కూతురిదే కాబట్టి, పిలుపు ఆ పాప పేరుతోనే వచ్చింది.

కాజాలక్క ఈ సంగతంతా చెల్లెలికి చెప్పింది.

"పిల్లల కథలా? ఈ వయసులో నీకిదేం పిచ్చక్కా," అని చెల్లెలు నవ్వింది. "సరే, మేమూ వస్తాంలే."

పుస్తకాల దుకాణం మేడ మీద ముప్పై మంది పిల్లలు కూర్చున్నారు. "ఆ మాట రాసిందెవరు?" అంది రచయిత్రి. కాజాలక్క లేవబోయింది. అంతలో చెల్లెలు కూతురి వీపు మీద చెయ్యేసి ముందుకు నెట్టింది.

"మా అమ్మాయేనండి."

పాప పెద్దమ్మ వంక చూసింది. ఇప్పుడు తాను నోరు విప్పితే పాప అంతమందిలో తలదించుకోవాలి. కాజాలక్క కూర్చుండిపోయింది. రచయిత్రి పాపను దగ్గరకు తీసుకుంది.

"అక్కా, ఒక్క ఫోటో తియ్యవా," అని చెల్లెలు ఫోను చేతికిచ్చి, తాను కూడా వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడింది. కాజాలక్క తీసింది.

మెట్లు దిగాక అడిగింది. "అలా ఎందుకు చెప్పావే?"

"పోనీలే అక్కా. దానికైతే కాలేజీలో చేరేటప్పుడు పనికొస్తుంది. నువ్వేం చేసుకుంటావు?"

పది రోజులకు పాప ఫోను చేసింది. "పెద్దమ్మా, ఆవిడ నాతో వీడియో చేస్తారట. నవల మీద ముందుగా రెండు పేజీలు రాసి పంపమన్నారు. నువ్వు రాసిపెట్టవా?"

"నువ్వసలు విన్నావా అది?"

"మొదట్లో రెండు విన్నా. బోరు కొట్టింది."

"ఆ రోజు రాసింది నేనని ఆవిడకు చెప్పు. తర్వాత రాసిస్తాను."

పాప ఫోను పెట్టేసింది. సాయంత్రం చెల్లెలు ఫోను. "చిన్నపిల్లతో అలాగేనా మాట్లాడేది? పదిహేనేళ్ళే కదక్కా దానికి."

"నాకూ పదిహేనేళ్ళుండేవి," అంది కాజాలక్క.

"ఎప్పుడు?" అంది చెల్లెలు, నిజంగానే అర్థం కాక.

మర్నాటికి పాప తన ఖాతా పాస్‌వర్డు మార్చేసింది. వీడియోలు కనబడుతూనే ఉన్నాయి గానీ, కామెంట్ రాయబోతే ఫోను ఒప్పుకోలేదు. పక్క మిషను అమ్మాయినడిగితే రెండు నిమిషాల్లో కొత్త ఖాతా తెరిచిపెట్టేది. కాజాలక్క అడగలేదు.